చంటిపిల్లలున్న ఇంటికి మళ్లీ ఎడ్లు తెచ్చుకుంటున్నారా? అమ్రాబాద్ ప్రాంత రైతులకు సూచనలు

అమ్రాబాద్, పదర, అచ్చంపేట మండలాల్లో ఒకప్పుడు ఎడ్ల జత లేని రైతు ఇల్లు అరుదు. తర్వాత చాలామంది అమ్మేసుకున్నారు. ట్రాక్టర్లు వచ్చాయి, మేపే జాగా తగ్గింది, కొందరు పనికి హైదరాబాద్ వెళ్లారు. ఇవి అందరూ చెప్పే కారణాలు. పైకి చెప్పని కారణం ఇంకొకటి ఉంది. పిల్లలు పుట్టగానే ఇంట్లో చేతులు చాలవు. చంటిబిడ్డను చంకనేసుకుని పేడ తీయడం, కుడితి పెట్టడం ఏ తల్లికైనా కష్టమే.

ఇప్పుడు ఆ రైతుల్లో కొందరు మళ్లీ ఎడ్ల గురించి అడుగుతున్నారు. పత్తిలో, కందిలో అంతరకృషికి ట్రాక్టర్ సమయానికి దొరకడం లేదు. అరక కిరాయి ఏటేటా పెరుగుతోంది. చెలకకు పశువుల ఎరువు కావాలి. అయితే అడిగేవారిలో చాలామంది ఇళ్లలో అయిదేళ్లలోపు పిల్లలు ఉన్నారు. జత తేవచ్చా, తెస్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

ముందుగా ఒక అనుభవం

కొన్నేళ్ల క్రితం ఒక తండాలో యువరైతు ఎడ్లు కొంటానని సలహా అడిగాడు. మేత ఎంత ఉంది, నీళ్లు ఎక్కడివి, ధర ఎంత అంటున్నారు అని నేను వరుసగా అడిగాను. అన్నీ సరిపోయాయి. కొనుక్కోమన్నాను. నెల తిరగకముందే అతని నాలుగేళ్ల కొడుకు గుంజకు కట్టిన కోడె తలుగును చేతికి చుట్టుకుని ఆడుకుంటున్నాడు. పక్కింటి కుక్క మొరిగింది, కోడె ఒక్కసారిగా గుంజుకుంది. పిల్లవాడి బొటనవేలు నలిగిపోయింది. ఆసుపత్రిలో సగం వేలు తీసేయాల్సి వచ్చింది.

ఆ రోజు నేను అన్నీ అడిగాను గానీ "ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా, కొట్టం ఎక్కడ వేస్తున్నావు" అని అడగలేదు. అప్పటినుంచి ఎవరు ఎడ్ల గురించి అడిగినా నా మొదటి ప్రశ్న అదే. కోడె తప్పు చేయలేదు, పిల్లవాడూ తప్పు చేయలేదు. ఇద్దరి మధ్య అడ్డు లేకపోవడమే తప్పు.

పని 60 రోజులు, మేత 365 రోజులు

మూడు నాలుగెకరాల మెట్ట రైతుకు సొంత పొలంలో ఎడ్ల పని ఏడాదికి 50–60 రోజులకు మించదు. మేత మాత్రం 365 రోజులూ పెట్టాలి. కాబట్టి జత ధర కంటే ముందు మేత లెక్క వేసుకోవాలి.

- ఎద్దు బరువులో ప్రతి 100 కిలోలకు రోజుకు సుమారు 2.5 కిలోల ఎండు పదార్థం కావాలి. 300–350 కిలోల ఎద్దుకు ఇది దాదాపు 8 కిలోలు, జతకు 16 కిలోలు.
- వానాకాలంలో గట్ల మీద గడ్డి, కలుపు గడ్డి కొంత ఆదుకుంటాయి. డిసెంబర్ నుంచి జూన్ దాకా ఏడు నెలలు నిల్వ మేత మీదే ఆధారపడాలి.
- ఈ 210 రోజులకు జతకు రోజుకు 12 కిలోల చొప్ప వేసుకున్నా రెండున్నర టన్నులు కావాలి. మిగతాది కందిపొట్టు, పల్లికట్టె, కొద్దిపాటి పచ్చిమేతతో సర్దుకోవచ్చు.
- పని రోజుల్లో ఎద్దుకు కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా అదనంగా ఇవ్వాలి. తవుడు, పల్లిచెక్క, పత్తిచెక్క కలిపి వాడుకోవచ్చు.
- ఒక్కో ఎద్దుకు రోజుకు 30–40 లీటర్ల నీళ్లు కావాలి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ తాగుతుంది.

ఉన్న భూమంతా పత్తి పెట్టిన రైతు ఇంట్లో మేత ఉండదు. పత్తికట్టె పశువు తినదు. ఎడ్లు తేవాలనుకునే రైతు ముందు వానాకాలంలోనే ఒక ఎకరం జొన్న, అందులో కంది సాళ్లు వేసుకోవాలి. తిండిగింజలు, పప్పు ఇంటికి వస్తాయి, చొప్ప ఎడ్లకు మిగులుతుంది. బోరు ఉన్నవారు 5–10 గుంటల్లో సూపర్ నేపియర్ లేదా పలుమార్లు కోతకొచ్చే పశుగ్రాస జొన్న వేసుకోవచ్చు. లేత జొన్న పైరును, ముఖ్యంగా వానలు లేక వాడిన పైరును, కోసిన తర్వాత వచ్చే పిలకలను పశువులకు మేపరాదు. అందులో సైనైడ్ విషం ఉంటుంది. పూత దశకు వచ్చాకే మేపాలి.

చేతుల లెక్క కూడా వేయండి

మేత లెక్క ఎంత ముఖ్యమో చేతుల లెక్క అంత ముఖ్యం. పొద్దున పేడ తీసి, కొట్టం ఊడ్చి, మేత వేసి, నీళ్లు పెట్టడానికి గంట పడుతుంది. సాయంత్రం మరో గంట. బయట మేపితే ఇంకో అయిదారు గంటలు. ఈ పని ఎవరు చేస్తారు?

చాలా ఇళ్లలో అన్న ఎడ్లు తెస్తాడు, వదిన పేడ తీస్తుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు ఆమె పొయ్యి దగ్గర ఉండాలి, పిల్లలకు స్నానం చేయించాలి, అంగన్‌వాడీకో బడికో పంపాలి. అదే సమయానికి ఎడ్లకు కూడా పెట్టాలి. ప్రమాదాలు జరిగేది ఇలాంటి హడావిడి సమయంలోనే. తల్లి చేతిలో పేడగంప ఉంటుంది, పిల్లవాడు ఆమె వెనకే కొట్టంలోకి వచ్చేస్తాడు.

అందుకే జత కొనే ముందు భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంట్లో అవ్వ, తాత ఉంటే వాళ్లనూ అడగాలి. పొద్దున కొట్టం పని చేసేవారు ఒకరు, ఆ గంట పిల్లలను చూసేవారు ఇంకొకరు అని తేల్చుకోవాలి. ఒకే మనిషి రెండూ చేయాల్సిన పరిస్థితి ఉంటే, చిన్నవాడికి మూడేళ్లు నిండేదాకా జత తేకపోవడమే మంచిది.

ఎప్పుడు తెచ్చుకోవాలి

మన దగ్గర ఎక్కువ మంది రోహిణి కార్తెలో, మృగశిర ముందు ఎడ్ల కోసం పరుగెత్తుతారు. ఆ సమయం అన్ని విధాలా నష్టమే. మేత అడుగంటి ఉంటుంది. అందరూ కొనేవారే కాబట్టి ధర ఎక్కువ చెబుతారు. కొత్త జతను మచ్చిక చేసుకునే వ్యవధి ఉండదు. పైగా బడికి సెలవులు, పిల్లలు పొద్దంతా ఇంటి దగ్గరే ఉంటారు.

పంట ఇంటికి వచ్చి చొప్ప వామి వేసుకున్నాక, నవంబర్–డిసెంబర్ నెలల్లో తెచ్చుకోవడం మేలు. చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి జాతర కార్తీక మాసంలో జరుగుతుంది. మన ప్రాంతపు కోడెలు అక్కడికి అమ్మకానికి వస్తాయి. అప్పుడు కొంటే తొలకరి వరకు ఆరు నెలల గడువు దొరుకుతుంది. జత ఇంటికి అలవాటు పడుతుంది, పిల్లలకూ దూరం పాటించడం అలవాటవుతుంది.

ఎలాంటి జతను ఎంచుకోవాలి

మన నల్లమల అంచు పల్లెలకు సొంత జాతి ఉంది. అదే పొడ తూర్పు. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు మచ్చలు, లేదా గోధుమ రంగు మీద తెల్ల మచ్చలు ఉంటాయి కాబట్టి పొడ అంటారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీన్ని ప్రత్యేక దేశవాళీ జాతిగా నమోదు చేసింది. అమ్రాబాద్ తండాల్లోని లంబాడీ రైతులు తరతరాలుగా ఈ మందలను కాపాడుకుంటూ వచ్చారు. గట్టి గిట్టలు, ఎండకు తట్టుకునే గుణం, తక్కువ మేతతో నెట్టుకొచ్చే ఓపిక దీని బలాలు. రాళ్ల చెలకలో పని చేసే చిన్న రైతుకు ఇది తగిన పశువు. పాలు తక్కువే ఇస్తుంది. పాల కోసం దీన్ని కొనవద్దు.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. పొడ కోడెలు మందలో తిరుగుతూ పెరుగుతాయి. వాటికి మంద కాసే మనిషి తెలుసు గానీ ఇంటి వాకిలి, ఏడ్చే పిల్లలు, ఎగిరే చీర కొంగు, మోటార్ సైకిల్ చప్పుడు తెలియవు. మంద నుంచి నేరుగా తెచ్చిన కోడె రెండు మూడు వారాలు బెదురుతూనే ఉంటుంది. అందుకే చిన్నపిల్లలున్న ఇంటివారు ఈ కింది విషయాలు చూసుకోవాలి.

- పని నేర్వని కోడెల కంటే, రెండు పంటలు అరక దున్నిన ఎడ్లను తీసుకోవాలి. ధర కొంత ఎక్కువైనా నష్టం లేదు.
- ఆరు పళ్లు లేదా ఎనిమిది పళ్లు వేసిన జతను చూసుకోవాలి. అంటే వయసు మూడున్నర, నాలుగేళ్లు దాటి ఉంటుంది.
- నొక్కించినవాటినే కొనాలి. నొక్కించని కోడెను పిల్లలున్న ఇంట్లో కట్టేయడం మంచిది కాదు.
- అమ్మేవారి ఇంటికి వెళ్లి చూడాలి. ఆ ఇంట్లో ఆడవాళ్లు మేత వేస్తే ఎలా ఉంటుంది, కొత్త మనిషి దగ్గరికి వస్తే కొమ్ము విసురుతుందా, వెనక్కి తంతుందా అని గమనించాలి. సుళ్లు చూసే ముందు గుణం చూడాలి.
- నడిపించి గిట్టలు, మోకాళ్లు చూడాలి. మెడ మీద కాడి పుండు, వాపు లేకుండా చూసుకోవాలి.
- చెవికి 12 అంకెల పోగు ఉందో లేదో చూడాలి. కొన్న తర్వాత పశువైద్యశాలలో ఆ పోగును మీ పేరు మీదకు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సుకు కూడా అది అవసరం.

మేత, దాణా ఖర్చులకు కిసాన్ క్రెడిట్ కార్డు మీద పశుపోషకులకు కూడా రుణం ఇస్తారు. బ్యాంకులో అడగండి.

పశువు కంటే ముందు అడ్డు రావాలి

జత ఇంటికి వచ్చాక కంచె కడదాం అనుకోవద్దు. ముందు కంచె, తర్వాతే పశువు.

1. కొట్టం వాకిలికి ఆనుకుని ఉండకూడదు. పిల్లలు ఆడుకునే చోటుకు, మరుగుదొడ్డికి వెళ్లే దారి కొట్టం గుండా పోకూడదు.
2. కొట్టం చుట్టూ పిల్లవాడు దూరలేని, ఎక్కలేని దడి కట్టాలి. వెదురు తడికలను నిలువుగా కడితే ఎక్కడానికి పట్టు దొరకదు. ఎత్తు నాలుగడుగులకు తగ్గకూడదు.
3. గేటు గడియ బయటివైపు, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టాలి.
4. గాడి దడి వెంబడే ఉండాలి. అప్పుడు లోపలికి పోకుండా బయటనుంచే మేత వేయవచ్చు. ఇది తల్లులకు పెద్ద సాయం.
5. తలుగు పొడవు పశువు పడుకుని లేవడానికి సరిపడా మాత్రమే ఉండాలి. మిగిలిన తాడును నేల మీద వదలకుండా గుంజకు చుట్టాలి.
6. నీళ్ల గోలెం, కుడితి తొట్టి మీద చెక్క మూత ఉండాలి. ఏడాది రెండేళ్ల పిల్లలు జానెడు నీళ్లలో పడినా ప్రాణాపాయమే. ఎరువు గుంతకూ కంచె వేయాలి.
7. నాగలి, గుంటుక, కొడవలి, చొప్ప కోసే మిషన్‌ను తాళం వేసే చోట పెట్టాలి. కరెంటు మిషన్ అయితే వాడిన వెంటనే ప్లగ్ తీసేయాలి.

పశువు తన్నే తీరు కూడా తెలుసుకోవాలి. పశువు వెనక కాలిని నేరుగా వెనక్కే కాదు, ముందుకూ పక్కకూ విసురుతుంది. అందువల్ల వెనక కాలి పక్కన నిలబడినా దెబ్బ తగులుతుంది. సరిగ్గా తన వెనక ఉన్నది పశువుకు కనిపించదు. పెద్దవారైనా మాట వినిపిస్తూ, భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లాలి. ఈనిన ఆవు ఎంత సాధువైనా దూడ దగ్గరికి పిల్లలను పంపవద్దు.

పిల్లల వయసును బట్టి

మూడేళ్ల లోపు: కొట్టంలోకి అసలు తీసుకుపోవద్దు. చంకన వేసుకుని పేడ తీయడం, వీపుకు కట్టుకుని మేత వేయడం మానాలి. ఎద్దు తల విసిరితే మొదట తగిలేది బిడ్డకే.

మూడు నుంచి ఆరేళ్లు: దడి బయటనుంచి చూడవచ్చు. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు గాడిలో గుప్పెడు గడ్డి వేయవచ్చు. తలుగు ముట్టుకోవద్దని రోజూ చెప్పాలి. అయితే ఈ వయసు పిల్లలు చెప్పింది మరిచిపోతారు. మాటను నమ్ముకోకుండా దడినే నమ్ముకోవాలి.

ఏడు నుంచి పదేళ్లు: పెద్దవారి తోడుతో పశువు దగ్గరికి రావచ్చు, భుజం నిమరవచ్చు. తాడును చేతికి, నడుముకు ఎప్పుడూ చుట్టుకోకూడదని నేర్పాలి. గుంటుక మీద బరువు కోసం పిల్లలను కూర్చోబెట్టే అలవాటు మానాలి. బరువు కావాలంటే రాయి పెట్టాలి.

పదకొండు నుంచి పద్నాలుగేళ్లు: బడి అయ్యాక నీళ్లు పెట్టడం, మేత వేయడం వంటి చిన్న పనులు నేర్చుకోవచ్చు. అరక కట్టడం, ఒంటరిగా అడవి అంచుకు తోలుకుపోవడం వద్దు. మనది పులుల అభయారణ్యం పక్క ప్రాంతం. ఎడ్లు కాయడం కోసం ఒక్కరోజు కూడా బడి మాన్పించవద్దు. పిల్లవాడు బడి మానితే తప్ప సాగని జత ఆ ఇంటికి తగినది కాదు.

పిల్లలకు ఎడ్లంటే భయం నేర్పమని నేను చెప్పడం లేదు. పశువు పక్కన పెరిగిన పిల్లలకు ఓపిక, దయ అలవడతాయి. దూరం పాటించడం నేర్పితే చాలు.

జబ్బులు, మందులు

కొత్త జతను మొదటి మూడు వారాలు ఇంట్లోని ఇతర పశువులకు దూరంగా కట్టాలి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు, గొంతువాపు టీకా తొలకరి ముందు వేయించాలి. జబ్బవాపు, లంపీ చర్మవ్యాధి టీకాల గురించి పశువైద్యుణ్ణి అడగాలి. ఆవు కూడా తెచ్చుకునేవారు పెయ్యదూడలకు 4–8 నెలల వయసులో బ్రూసెల్లోసిస్ టీకా తప్పక వేయించాలి. ఈ జబ్బు పచ్చిపాల ద్వారా, ఈసుకుపోయిన పశువు మాయ ద్వారా మనుషులకూ వస్తుంది. మాయను ఒట్టి చేతులతో తీయవద్దు. పిల్లలకు పచ్చిపాలు తాగించవద్దు, పొంగు వచ్చేదాకా కాచి ఇవ్వాలి. ఏడాది లోపు బిడ్డకు తల్లిపాలకు బదులు ఆవుపాలు పట్టవద్దు.

పేడ, మట్టి ఉన్న చోట చిన్న గాయం కూడా ధనుర్వాతానికి దారితీయవచ్చు. పిల్లలకు నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలు, ఏడాదిన్నరకు, అయిదేళ్లకు బూస్టర్లు పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి. లేకపోతే జతను తెచ్చే ముందే ఏఎన్ఎం దగ్గర వేయించండి. బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించండి. కొట్టం నుంచి వచ్చిన ప్రతివారూ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

గోమార్ల మందు చాలా ప్రమాదం. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి కిటికీలో పెట్టే అలవాటు ఇంకా ఉంది. పిల్లవాడు అది తాగితే మనం తిరిగి సంపాదించుకోలేనిది పోతుంది. మందు దాని సొంత సీసాలోనే, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. మందు కొట్టిన పశువు ఆరేదాకా పిల్లలను దగ్గరికి రానివ్వద్దు.

పశువు ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు నుంచో మలద్వారం నుంచో నల్లటి రక్తం కారితే కోయవద్దు, తోలు తీయవద్దు. అది దొమ్మ రోగం కావచ్చు. పశువైద్యునికి కబురు చేయాలి. పశువుల అత్యవసర సేవకు 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ప్రమాదం జరిగితే

- తల మీద, కడుపు మీద తన్ను తగిలితే పిల్లవాడు బాగానే కనిపించినా ఆసుపత్రికి తీసుకుపోవాలి. లోపల రక్తం కారుతుండవచ్చు. వాంతి, మగత ఉంటే ఏమీ తినిపించకుండా 108కి ఫోన్ చేయాలి.
- గాయాన్ని సబ్బుతో, ధారగా నీళ్లు పోస్తూ కడగాలి. పసుపు, బూడిద, పేడ పెట్టవద్దు.
- వేలు తెగిపోతే ఆ ముక్కను శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథిన్ కవర్లో వేసి, ఆ కవర్‌ను ఐసు మీద పెట్టి వెంట తీసుకుపోవాలి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు.
- మందు తాగితే బలవంతంగా వాంతి చేయించవద్దు. మందు సీసాను కూడా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడే కుదరకపోతే

లెక్క కుదరలేదంటే ఎడ్ల మీద ఆశ వదులుకోవాలని కాదు. ఇద్దరు అన్నదమ్ములో, ఇరుగుపొరుగువారో తలా ఒక ఎద్దు పెట్టుకుని పొత్తుకు అరక కట్టుకోవచ్చు. అప్పుడు మేత, కొట్టం పని సగమవుతాయి. పిల్లలు పెద్దవారైన ఇంట్లో జతను ఉంచి, మేత మీరు ఇచ్చి, పని పంచుకోవచ్చు. ఈ ఏడాది చొప్ప పంట వేసి, కొట్టం, దడి సిద్ధం చేసుకుని, వచ్చే కార్తీకంలో కొనవచ్చు. ఒక్క ఏడాది ఆగినందుకు పోయేది కొంత అరక కిరాయి మాత్రమే.

జత కొనేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏడు నెలల మేత వామి కళ్లముందు ఉందా? పొద్దున కొట్టం పని చేసేవారు, పిల్లలను చూసేవారు వేరువేరుగా ఉన్నారా? దడి, గేటు, గోలెం మూత సిద్ధమా? పిల్లల టీకాలు పూర్తయ్యాయా? నాలుగింటికీ అవును అని చెప్పగలిగితే నిశ్చింతగా అంగడికి వెళ్లండి. ఒక్కదానికి కాదు అని వచ్చినా ముందు అది సరిచేసుకోండి.

మరిన్ని వివరాలకు మీ రైతు వేదికలోని వ్యవసాయ విస్తరణాధికారిని, మండల పశువైద్యాధికారిని సంప్రదించండి. వచ్చేటప్పుడు ఇంట్లో పేడ తీసేవారిని కూడా వెంట తీసుకురండి. మీరు అడగని ప్రశ్నలు వాళ్లు అడుగుతారు.